పక్క కుట్టు

బుజ్జీ,

ఉగాదికి వచ్చి వెళ్తూ వెళ్తూ "పెద్దమ్మా, దీనికి కాస్త కుట్టెయ్యవా, చంక కింద వదిలేసింది" అని నా మంచం మీద పడేసి పోయావే, ఆ చిలకపచ్చ కుర్తీ ఇంకా మిషను మీదే ఉంది. ఐదు నిమిషాల పని. కళ్ళు ఆనక ఆలస్యం చేస్తున్నాననుకుంటున్నావేమో. తిరగేసి చూసినప్పటి నుంచీ నీకో మాట చెప్పాలనుంది, అందుకే ఆగింది. ఫోన్లో చెబుదామంటే ఎప్పుడు చేసినా "కాల్‌లో ఉన్నా పెద్దమ్మా" అంటావు. సరే, రాస్తున్నాను.

నువ్వూ ఒకసారి నీ బట్టలు తిరగేసి చూసుకో. దీనికి పక్క కుట్టుకూ ఓవర్‌లాక్ అంచుకూ మధ్య బియ్యపు గింజంత బట్ట లేదు. అంగుళానికి కుట్లు లెక్కపెడితే ఏడున్నాయి. నాలుగు కాలాలు నిలవాలంటే పది పన్నెండు పడాలి. కుట్టు దూరదూరంగా వేస్తే మిషను పరిగెడుతుంది, దారం కలిసొస్తుంది, పీసు తొందరగా చేతిలోంచి దాటిపోతుంది. మీ తాత హిందూపురంలో టైలరు కొట్టు పెట్టుకున్న రోజుల్లో ఆడపిల్లల జాకెట్లకు లోపల అంగుళమున్నర బట్ట మడిచి వదిలేవాడు. పిల్ల ఒళ్ళు చేస్తే కుట్టు విప్పుకుని ఇంకో రెండేళ్ళు తొడుక్కోవచ్చని. మీ అమ్మా నేనూ ఒక్కో జాకెట్టునూ అట్లా మూడు సైజుల దాకా లాగాం. విప్పిన చోట పాత కుట్టు చుక్కలు వరసగా కనబడేవి. ఆ వరసలు లెక్కపెట్టి బడిలో మమ్మల్ని ఏడిపించేవాళ్ళు.

ఊరుకోలేక ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించాను. నూలైతే కాగితంలా కాలి బూడిద రాలుతుంది. ఇది ముడుచుకుపోయి నల్లపూసలా గట్టిపడింది. నువ్వేమో కాటన్ అన్నావు. దాంతోపాటు వదిలేసి పోయిన కవరు చూస్తే ‘కాటన్ ఫీల్’ అని ఉంది. ఆ రెండో మాట చేర్చినవాడెవడో గానీ వాడికి ఇంక్రిమెంటు వచ్చే ఉంటుంది.

నిన్ను తప్పుపట్టడానికి రాయడం లేదమ్మా. నువ్వు 299 రూపాయలకు కొన్నావు, నేను అంతకంటే పెద్ద పని చేశాను. పెద్దమ్మ బెంగళూరులో ఏదో ఎక్స్‌పోర్ట్ కంపెనీలో అకౌంట్స్ చూసేదని మాత్రమే మీకు తెలుసు. 27 ఏళ్ళ ఉద్యోగంలో 19 ఏళ్ళు నేను కూర్చున్నది కాస్టింగ్ సెక్షన్‌లో. ఒక బట్ట తయారుకావడానికి ఎంతవుతుందో వరసగా రాసే కాగితం ఉంటుంది: గుడ్డ, దారం, గుండీలు, లేబుళ్ళు, కుట్టుకూలి, ఉతుకు, ఇస్త్రీ, ప్యాకింగు, రవాణా, చివర్న కంపెనీ లాభం. అవతలి దేశం నుంచి మెయిలొస్తుంది, రేటు తగ్గించండి, లేదంటే ఆర్డరు పక్క దేశానికి పోతుంది అని. 2005 జనవరి 1న బట్టల ఎగుమతి కోటాలు ఎత్తేశాక అది వట్టి బెదిరింపుగా ఉండటం మానేసింది. ఎవడైనా ఏ దేశం నుంచైనా ఎంతైనా తెప్పించుకోవచ్చాయె.

అప్పుడు ఆ కాగితం ముందేసుకుని పెన్సిలు పట్టుకుంటాం. గుడ్డ రేటు మిల్లువాడు దించడు. ఓడ కిరాయి మన చేతిలో లేదు. గుండీ గుండీయే. లాభం గడి జోలికి వెళ్తే యజమాని కళ్ళెర్రజేస్తాడు. పెన్సిలు తిరిగి తిరిగి కుట్టుకూలి దగ్గర ఆగుతుంది. అక్కడ కూడా జీతం కొయ్యలేం, కనీస వేతనం చట్టం ఉంది. నిమిషాలు కోస్తాం.

ఒక ఆర్డరు ఇప్పటికీ కళ్ళముందుంది. 40,000 టాప్స్. ఒక్కోదానికి 15 నిమిషాల పని అని రాసి ఉంది. మేనేజరు నా టేబులు దగ్గర నిలబడి "ఏదో ఒకటి చెయ్యండి మేడం" అన్నాడు. నేను 15 కొట్టేసి పక్కన 14 వేశాను. కింద సంతకం. ఒక్క నిమిషమే కదా అనుకున్నాను. ఆ రాత్రి అన్నం తింటూ లెక్కగట్టాను చూడు, అదే నా ఖర్మ. 40,000 నిమిషాలంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఒక మనిషికి 83 రోజుల పని. నేను పెన్సిలుతో కొట్టేసినంత మాత్రాన ఆ పని మాయమైపోదు కదా. ఎవరో చెయ్యాలి. లైనులో ఆడవాళ్ళు నీళ్ళు తాగడం తగ్గిస్తారు, తాగితే లేవాలి, లేస్తే పక్కన బండిల్ పేరుకుపోతుంది, పేరుకుపోతే సూపర్‌వైజరు నోరు తెరుస్తాడు. కుట్టు పది పడాల్సిన చోట ఎనిమిది పడుతుంది. లోపల వదలాల్సిన బట్ట బియ్యపు గింజంత అవుతుంది. నీ కుర్తీ మా కంపెనీది కాకపోవచ్చు. కానీ దాన్ని తిరగేస్తే నాకు నా పెన్సిలు గీత కనబడింది.

మరో సంగతి కూడా ఆ కాగితం నుంచే నేర్చుకున్నాను. అద్దకం పనికి మేం తిరుప్పూరు మీద ఆధారపడేవాళ్ళం. అక్కడి రంగునీళ్ళన్నీ నొయ్యల్ నదిలోకి పోయేవి, కింద పొలాలు చెడిపోయి రైతులు కోర్టుకెక్కారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లు మూసెయ్యమంది. శుద్ధి చేసి చుక్క నీరు బయటికి వదలనివాళ్ళే తెరుచుకోవాలంది. మా అద్దకం బిల్లులు ఒక్కసారిగా ఎగిరాయి. సెక్షన్‌లో అందరూ కోర్టును తిట్టారు, నేనూ తిట్టాను. ఇంటికొచ్చాక తట్టింది, అన్నాళ్ళూ ఆ నది ఖర్చు మా షీటులో ఏ గడిలోనూ లేదని. అందుకే చవక.

ఇక నీ ఆఫీసు. నువ్వు ఏడుస్తూ ఫోను చేసిన రాత్రి నాకు గుర్తుంది. పదిమంది వింటుండగా మీ మేనేజరు "ఇంత చిన్న పనికి ఇన్ని రోజులా" అన్నాడన్నావు. ఆ పని చిన్నదో పెద్దదో నాకు తెలియదు గానీ ఆ వాక్యం మాత్రం తెలుసు. మా దగ్గర కొనేవాడు మెయిల్లో అన్నది మా జీఎం మేనేజరుతో అనేవాడు, మేనేజరు ఫ్లోరుకు ఫోను చేసి ప్రొడక్షన్ వాడితో అనేవాడు, వాడు సూపర్‌వైజరుతో, సూపర్‌వైజరు బండిల్ తీసి ఒకమ్మాయి ఒళ్ళోకి విసురుతూ కన్నడంలో అనేవాడు. ఇంగ్లీషులో బయల్దేరిన మాట నాలుగు మెట్లు దిగేసరికి బూతు అయ్యేది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే అదే. ఆ అమ్మాయి ఎవరి మీద చూపించిందో నాకు తెలియదు. ఇంట్లో పిల్లలున్నారు మరి.

నువ్వు దేని మీద చూపిస్తున్నావో మాత్రం తెలిసింది. పండగ రోజు మధ్యాహ్నం నీ ఫోన్లో ఆర్డర్లు చూపిస్తూ రేట్లు చెప్పావు, నేను తేదీలు చూశాను. పాత లెక్కల మనిషిని, చూపు అటే పోతుంది. తొమ్మిదింట్లో ఏడు మంగళవారం రాత్రులవే, పదకొండు దాటాక. మీ రివ్యూ మంగళవారమే కదా? మాట పడ్డ రాత్రి ఒక కుర్తీ. అది వచ్చేలోగా ఇంకో మంగళవారం. నీ బీరువాలో ట్యాగు తియ్యనివి పదకొండున్నాయి, మీ అమ్మ లెక్కపెట్టి మరీ చెప్పింది. దానికి నువ్వు తనమీద అలగకు.

నేను చెప్పేది చిన్న పని. మంగళవారం రాత్రి ఫోను ఇంకో గదిలో ఛార్జింగుకు పెట్టి పడుకో. బుధవారం పొద్దున పళ్ళు తోముకుంటూ కూడా ఆ కుర్తీ కావాలనిపిస్తే కొనుక్కో, నేనేమీ అనను.

అసలు కొనడమే మానెయ్యమంటానని ఎదురుచూస్తున్నావు కదూ? అనను. హిందూపురం చుట్టుపక్కల పల్లెల్లో పొద్దున్నే గార్మెంట్స్ బస్సులెక్కే ఆడపిల్లల్ని చూడు. వాన పడని నేలలో కూలికి పోవడం కంటే నెల తిరిగేసరికి బ్యాంకులో పడే జీతం నయమని వాళ్ళకు తెలుసు. తాళిబొట్టు తాకట్టు నుంచి విడిపించుకున్నవాళ్ళున్నారు, తమ్ముళ్ళను డిప్లొమా చదివించినవాళ్ళున్నారు. ఆ ఫ్యాక్టరీ మూతపడితే నీకూ నాకూ మనసు తేలికపడుతుందేమో గానీ వాళ్ళ బస్సు ఆగిపోతుంది. వాళ్ళకు కావలసింది బస్సు ఆగకపోవడం, ఎక్కినవాళ్ళు క్షేమంగా దిగడం. అచ్యుతాపురం సెజ్‌లో బట్టలు కుట్టే ఆడవాళ్ళు 2022లో జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఇంకోసారి విషవాయువు పీల్చి వందకు పైగా ఆసుపత్రి పాలయ్యారు. రెండు నెలల తేడాలో రెండుసార్లు.

ఖరీదైనది కొంటే కుట్టినవాళ్ళకు ఎక్కువ ముడుతుందనీ అనుకోకు. మా ఫ్లోర్ మీద ఒకే లైనులో ఈ వారం ఖరీదైన బ్రాండు నడిస్తే వచ్చే వారం చవకది నడిచేది. అవే చేతులు, అదే జీతం, లేబుల్ మారేది. చేనేత కట్టమని ఉపన్యాసం కూడా ఇవ్వను. మంగళగిరి చీర నచ్చితే కట్టుకో, పుణ్యం కోసమైతే వద్దు. మా ఇంట్లో అంట్లు తోమే ఆమె సంతలో 150 రూపాయల నైటీ కొనుక్కుంటుంది. దాన్నే రెండేళ్ళు తొడుగుతుంది, ఆపైన గుడ్డపీలికలు చేసి నా వంటింటి గట్టు తుడుస్తుంది. ఆమెకు నేనేం చెప్పాలి? ఆమే నాకు చెప్పాలి.

ఇప్పుడు చెప్పబోయేది నీకు కాస్త గుచ్చుకుంటుంది. నువ్విప్పుడు టీం లీడ్‌వి. నీ చేతికింద నలుగురు. మొన్న మీ బాబాయితో గొప్పగా చెబుతుంటే విన్నాను, పది రోజుల పనిని ఆరు రోజుల్లో చేయించానని, క్లయింటు మెచ్చుకున్నాడని. ఆ నాలుగు రోజులు ఎక్కడి నుంచి తెచ్చావు తల్లీ? ఎవరి రాత్రుల్లోంచి, ఎవరి ఆదివారంలోంచి? నేను 15 కొట్టేసి 14 వేసిన పెన్సిలు నీ చేతికొచ్చింది, నీది కీబోర్డు, అంతే. చవక బట్ట కొన్నందుకు నువ్వు పడే బాధలో సగం దీని మీద పడు. కుర్తీ విషయంలో నువ్వు కోట్లమందిలో ఒకదానివి. ఆ ఎస్టిమేటు కాగితం దగ్గర మాత్రం నువ్వొక్కదానివే.

మీ మేనేజరు సంగతి అంటావా. మా ఫ్లోర్ మీద కాలర్లు కుట్టే ఒకామె ఉండేది, మడకశిర వైపు మనిషి. గంటకు ఇన్ని తియ్యాలని సూపర్‌వైజరు మీదికొస్తే అరవదు, ఏడవదు. లేచి నిలబడి, "కూర్చో సార్, నువ్వొక పది తియ్యి, నేను లెక్కపెడతా" అంది. నలుగురూ చూస్తుండగా వాడు కూర్చోక తప్పలేదు. మూడు కుట్టాడు, రెంటికి కొనలు వంకర. టార్గెటు తగ్గిందా అంటే తగ్గలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆమె మీద అరవడం మాత్రం మానేశాడు. నువ్వూ అంతే చెయ్యి. "ఇన్ని రోజులా" అన్నప్పుడు బాత్రూంలోకి పోయి ఏడవకు. పని ముక్కలు ముక్కలుగా రాసి ముందు పెట్టి, "ఇందులో ఏది తీసెయ్యమంటారో మీరే చెప్పండి సార్" అను. చెప్పింది మెయిల్లో పెట్టమను. పెట్టకపోతే "మీరు ఇలా అన్నారు కదా" అని నువ్వే పెట్టు. రాతలో ఉన్న మాటకు నోరు జారడం తక్కువ.

అన్నీ రాతతో తేలవనుకో. 2013 ఏప్రిల్‌లో ఢాకా దగ్గర సావర్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల భవనం గోడలు బీటలిచ్చాయి. అందులో ఉన్న బ్యాంకువాళ్ళు మనుషుల్ని ఇంటికి పంపేశారు. మర్నాడు, 24న పొద్దున, కుట్టుపనివాళ్ళను మాత్రం జీతం పోతుందని భయపెట్టి లోపలికి రప్పించారు. భవనం కూలింది. 1,100 మందికి పైగా పోయారు. బీట ఒక్కటే, దాన్ని చూసి పొమ్మన్నది ఒకళ్ళని, రమ్మన్నది ఇంకొకళ్ళని. ఆ తర్వాత మా కంపెనీకి కూడా కొనేవాళ్ళ ఆడిటర్లు వచ్చారు. వాళ్ళొస్తున్నారని మెట్లదారిలో పేర్చిన అట్టపెట్టెలు తీయించారు. వాళ్ళు పోయిన మూడో రోజుకు పెట్టెలు మళ్ళీ మెట్లెక్కాయి. నేను రోజూ ఆ మెట్ల మీద పక్కకు ఒదిగి దిగేదాన్ని. ఒక్కరోజు నోరెత్తలేదు. రిటైరవడానికి ఐదేళ్ళుంది, చెప్పుకోదగ్గ పెన్షను లేని ఉద్యోగం, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను.

నోరెత్తినవాళ్ళెవరో కూడా చెబుతాను. నువ్వు ఉద్యోగం మారినప్పుడు పీఎఫ్ మొత్తం తీసి స్కూటీ కొన్నావే, గుర్తుందా? అలా మొత్తం తియ్యగలిగావంటే వాళ్ళ వల్లే. 2016 ఫిబ్రవరిలో కేంద్రం ఒక నోటిఫికేషన్ తెచ్చింది. ఉద్యోగం మానేసినా నీ వాటా తప్ప యజమాని కట్టిన వాటా 58 ఏళ్ళు వచ్చేదాకా తియ్యడానికి లేదని. మా ఆఫీసులో మేమందరం చదివాం. అన్యాయమన్నాం, టీ తాగాం, ఎవరి టేబులుకు వాళ్ళం వెళ్ళిపోయాం. ఏప్రిల్ 18 పొద్దున బెంగళూరులో గార్మెంట్స్ ఆడవాళ్ళు వేలమంది మిషన్లు వదిలేసి హోసూరు రోడ్డు మీద కూర్చున్నారు. వెనక పెద్ద యూనియను లేదు, ముందు నాయకుడు లేడు. మర్నాడు పీణ్య వైపు, ఇంకా చాలాచోట్ల. లాఠీలు లేచాయి, బస్సులు తగలబడ్డాయి, ఊరు స్తంభించిపోయింది. 19 సాయంత్రానికల్లా కేంద్రం ఆ నోటిఫికేషన్ వెనక్కి తీసుకుంది.

ఆ ట్రాఫిక్‌లో ఐటీవాళ్ళ బస్సులు గంటల తరబడి ఇరుక్కుపోయాయి. లోపల కూర్చున్నవాళ్ళు తిట్టుకునే ఉంటారు. నేను కూడా ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదైంది, నడిచి నడిచి కాళ్ళు వాచాయి, తిట్టుకున్నాను. నా పీఎఫ్ కూడా ఆ రోడ్డు మీదే నిలబడిందని మర్నాడు పేపరు చూస్తే గానీ తెలియలేదు. ఆ దారిలో కనబడ్డవాళ్ళలో నేను నిమిషం కోసిన టాప్స్ కుట్టినవాళ్ళూ ఉండి ఉంటారు.

వీలైతే ఒకపని చెయ్యి. ట్యాగు తియ్యని ఆ పదకొండూ ఒక సంచిలో వేసి వేసవి సెలవులకు వచ్చేటప్పుడు పట్టుకురా. కుట్టు ఊడేటట్టున్న వాటికి ముందే రెండో కుట్టు వేస్తాను. నీకు వద్దనుకున్నవి మా అంట్ల ఆమె కూతురికి సరిపోతాయి, ఈ ఏడే డిగ్రీలో చేరింది, అడిగే ఇద్దాం, పారేసినట్టు వద్దు. మా అమ్మలా బొంత కుడదామంటే ఈ బట్ట పనికిరాదు, జారిపోతుంది, చెమట పీల్చదు. అది నీకు చెప్పే లోపే నేను ప్రయత్నించి చూశాను, నీ పాత గులాబిరంగు టాప్ ఒకటి పాడుచేశాను, ఏమీ అనుకోకు.

మీ మేనేజరు కూడా మంగళవారం ఉదయం ఎవరి దగ్గరో మాట పడే వస్తాడు. జాలిపడమని చెప్పడం లేదు, అతగాడికి జీతం బాగానే వస్తుంది. నీ దగ్గరికొచ్చిన మాటను నీ కింద నలుగురి దాకా దిగనివ్వకు, నీ దగ్గరే నిలబెట్టు. కష్టమే. నావల్ల కాలేదు, కనక నీకు చెప్పే హక్కు ఉందో లేదో కూడా తెలియదు. పెద్దమ్మను కాబట్టి చెబుతున్నాను.

ఈ ఉత్తరం మధ్యలో ఆపి చిలకపచ్చ కుర్తీ ఇప్పుడే కుట్టేశాను. లోపల పట్టుకోవడానికి బట్ట లేదని చెప్పాను కదా, చంక కింద నా పాత వాయిల్ చీరలోంచి వేలెడు ముక్క కత్తిరించి లోపలి వైపు అతికి దాని మీద కుట్టు నడిపాను. అంగుళానికి పన్నెండు. రంగు కలవలేదు, ఇంట్లో ఉన్న దారం అదే. చెయ్యెత్తితే తప్ప కనబడదులే.

మీ పెద్దమ్మ